ఇల్లా, సామానా

నాంపల్లి, హైదరాబాదు
4 ఫిబ్రవరి 1971

వేమూరి సుబ్బరత్నం అను నేను, కీర్తిశేషులు గోపాలరావుగారి భార్యను, వయసు అరవై ఆరు, నాంపల్లి స్టేషను వెనక గుండ్రటి రేకుల ఇంట్లో కాపురం. ఇంట్లో ఉండేది నేనొక్కదాన్ని, తినేది పూటకు ముప్ఫైమంది. రాజమండ్రిలో ఉంటున్న నా తమ్ముడు రాధాకృష్ణమూర్తికి తెలియజేయడమేమంటే:

ఒరే తమ్ముడూ, ఈ మొదలు చూసి కంగారు పడకు. నాకు ఉత్తరాలు రాసిపెట్టే పక్కింటి పిల్ల పెళ్లయి వెళ్లిపోయింది. ఇప్పుడు రాస్తున్నది దుర్గయ్య. కోర్టు గోడ పక్కన కూర్చుని దస్తావేజులు రాసుకుంటాడు, మధ్యాహ్నం నా దగ్గర భోంచేస్తాడు. పేరూ వయసూ కాపురం చెప్పందే అతని కలం కదలదు. "గవి లేకుంటె గది కాయితమే కాదమ్మా" అంటాడు. నా తమ్ముడికి నా పేరు తెలుసయ్యా అంటే, "తమ్మునికి తెలుసు, కాయితానికి తెల్వది గదా" అన్నాడు. సరే, రాయనీ.

నా ఫిర్యాదు ఏమంటే, నా ఇల్లు నాది కాదంటున్నారు. ఈ స్థలం బాలకిషన్‌ది. వాళ్ల నాన్న ఉన్నప్పటినుంచీ కిరాయి ఇస్తున్నాను. ఇప్పుడు బాలకిషన్ ఇక్కడ లాడ్జి కడతాడట. కట్టుకోనీ, స్థలం అతనిది. నా ఇల్లు నేను తీసుకుపోతానన్నాను. అప్పుడన్నాడు: "ఇల్లు ఎట్ల తీస్కపోతవ్ పెద్దమ్మా? జాగ మీద ఉన్న ఇల్లు జాగతోనే ఉంటది." పదేళ్లపాటు ఈ ఇంటిని డబ్బా అని పిలిచినవాడు, అవసరం రాగానే ఇల్లు అంటున్నాడు.

నీకు తెలిసిందే అయినా దుర్గయ్య మొదటినుంచీ చెప్పమంటున్నాడు. కర్నూలునుంచి ఆఫీసులు ఇక్కడికి వచ్చినప్పుడు మీ బావ ఫైళ్ల పెట్టెలతోపాటు నన్నూ తెచ్చారు. ఒక్క గదిలో ఉండేవాళ్లం. తర్వాత ఒక ఏడు నుమాయిష్‌లో బొంబాయి కంపెనీవాళ్లు ఈ ఇంటిని పెట్టారు. బత్తాయి పండుకు తొనలున్నట్టు పదహారు వంపు రేకులు, ఓడకున్నట్టు గుండ్రటి కిటికీలు, "రేపటి ఇల్లు" అని బోర్డు. జనం డబ్బు కట్టి లోపలికెళ్లి చూసి నవ్వుకుంటూ బయటికొచ్చేవారు. మీ బావ ఒక్కరే నవ్వకుండా వచ్చారు. అప్పుడే నాకు భయం వేసింది. నుమాయిష్ అయ్యాక తిరిగి మోసుకుపోవడం ఇష్టం లేక కంపెనీవాళ్లు అమ్మేశారు. మీ బావ కొన్నారు. బళ్లమీద తెచ్చి ఇక్కడ నిలబెట్టారు. బోర్డు కూడా తెచ్చారు, దాన్ని నేను అప్పడాలు ఒత్తుకోవడానికి వాడుకున్నాను.

మొదట ఈ ఇంటిని తిట్టింది నేనే, అదీ రాయి దుర్గయ్యా. మే నెలలో లోపల అప్పడం పెడితే నూనె లేకుండానే పొంగేది. వానాకాలం రేకులమీద మోతకు ఒకరి మాట ఒకరికి వినపడేది కాదు. ఆ నెలల్లో మాకు పోట్లాటలు లేవు. ఆయన పోయాక ఈ ఇంట్లోనే మెస్సు పెట్టాను. సెక్రటేరియట్ గుమాస్తాలు, వకీళ్లు, ఊరునుంచి వచ్చి ఎవరూ లేనివాళ్లు నా పప్పూ ఆవకాయా తిని బతికారు. నేనూ వాళ్లవల్లే బతికాను.

ఈ ఇల్లు బళ్లమీద వచ్చిందని చెప్పడానికి నువ్వు కావాలి. ఆ రోజు బండి పక్కన నడిచినవాళ్లలో మిగిలింది నువ్వొక్కడివే. ప్రహ్లాద్ వకీలు, మన మెస్సు మనిషే, నలుగురిని కూర్చోబెట్టి తీర్పు చెప్పిస్తానన్నాడు. బయలుదేరి రా.

ఇది నేను చెప్పగా రాయించి, చదివించుకుని విని, ఒప్పుకుని వేసిన ఎడమచేతి బొటనవేలి ముద్ర.
సాక్షులు: మల్లయ్య, హమాలీ. ప్రహ్లాద్, వకీలు.
వ్రాసినది: దుర్గయ్య.


రాజమండ్రి
11 ఫిబ్రవరి 1971

గంగాభాగీరథీ సమానురాలైన అక్కయ్యకు నమస్కారాలు.

నీ కాగితం అందింది. ఉత్తరం అనడానికి నోరు రావడం లేదు. కవరు విప్పగానే "సుబ్బరత్నం అను నేను" కనిపించింది, చివర వేలిముద్ర, సాక్షులు. మధ్యలో ఏముందో చదవకుండానే మా ఆవిడ ఏడుపు మొదలుపెట్టింది. నాన్నగారి కొబ్బరితోట మీద నువ్వు నా మీద దావా వేశావనుకున్నాం. నేను కాగితం పట్టుకుని సోమయాజులు వకీలు దగ్గరికి పరుగెత్తాను. ఆయన చదివి, "మీ అక్కగారు అప్పడాల గురించి రాశారండీ. దీనికి జవాబు దావా వేయమంటారా?" అని అడిగాడు. ఇప్పుడు వీధిలో ఎదురైనప్పుడల్లా అప్పడాలు కుశలమా అంటున్నాడు.

నేను రాలేను. మోకాలు మెట్టు దిగనివ్వడం లేదు. వచ్చినా నా సాక్ష్యం నిలవదు. ఆ రోజు బండి పక్కన నడిచిన మాట నిజమేగాని, మొదటి మలుపులోనే ఇరానీ హోటల్లో ఆగిపోయాను. నేను చేరేసరికి ఇల్లు లేచి నిలబడింది.

కానీ ఒక మాట విను. గూడ్సు ఆఫీసులో ముప్ఫై ఏళ్లు చేశాను. విప్పి, మోసి, మళ్లీ బిగించగలిగేదాన్ని మేం సామాను అనేవాళ్లం. అది సామాను అని ఒప్పుకో, గెలుస్తావు. ఇల్లు అన్నావంటే పోతుంది. తర్వాత చోటు దొరక్కపోతే ఇక్కడికి తెచ్చెయ్యి. ఆవులు పోయాక దొడ్లో పాక ఖాళీగానే ఉంది, ఆ రేకులు అక్కడ పడుంటాయి.

నీ తమ్ముడు
రాధాకృష్ణమూర్తి


నాంపల్లి
22 ఫిబ్రవరి 1971

వేమూరి సుబ్బరత్నం అను నేను, వయసు అరవై ఆరు, కాపురం ప్రస్తుతానికి నాంపల్లి, తమ్ముడు రాధాకృష్ణమూర్తికి తెలియజేయడమేమంటే:

మొట్టమొదట, నన్ను గంగాభాగీరథీ అనకు. ఆ రెండు నదుల్లో నేను దేన్లోనూ మునగలేదు. రెండోది, నా ఇంటిని ఆవుల పాకలో పడేస్తానన్నావు. సంతోషం. నన్నెక్కడ కడతావో కూడా రాయాల్సింది.

తీర్పు మన ఇంట్లోనే జరిగింది, భోజనాలయ్యాక. బాలకిషన్ కూడా తినే కూర్చున్నాడు. కిరాయికి వచ్చినప్పుడల్లా తినిపోవడం అతనికి అలవాటు. తగువుంది కదా అని ఆకు వేయకుండా ఉండలేను. ప్రహ్లాద్ మధ్యలో కూర్చున్నాడు. బాలకిషన్ నన్నే అడిగాడు.

"పెద్దమ్మా, పంతులు గీ ఇంటికి గృహప్రవేశం చేసిండా లేదా?"

"చేశారు."

"పాలు పొంగిచ్చిన్రా?"

"పొంగించాం. మీ అమ్మ వచ్చి అందరికంటే రెండు గారెలు ఎక్కువే తింది."

అందరూ నవ్వారు. గెలిచాననుకున్నాను. ఆ నవ్వులోనే మునిగిపోయానని తెలుసుకోలేదు.

"చూసిన్రు గదా. గృహప్రవేశం ఇంటికి చేస్తరు. బీరువకు చేస్తరా? మంచానికి చేస్తరా? తోరణం కట్టింది, గడప పాతింది, పండుగ పండుగకు పసుపు రాసింది. ఇల్లా, సామానా? ఒక్కటి చెప్పమనున్రి. ఇల్లయితే జాగతోటి నాది. సామానయితే తీస్కపొమ్మను."

ప్రహ్లాద్ నా చెవి దగ్గర, "పెద్దమ్మా, సోంచాయించి చెప్పున్రి" అన్నాడు.

ఆలోచించడానికేముంది. ఈ ఇంటిని డబ్బా అన్నాడని ఒక పాలవాణ్ణి మాన్పించాను. డబ్బా మెస్సు అని అడ్రసు చెప్పాడని ఒక గుమాస్తాకు వారంపాటు నెయ్యి వడ్డించలేదు. చుట్టుపక్కల ప్రతివాళ్లతోనూ ఇది ఇల్లే, మీదానికంటే మంచి ఇల్లే అని అరిచి అరిచి గొంతు పాడుచేసుకున్నాను. ఇప్పుడు అదే గొంతుతో, నలుగురిలో చెప్పాను: ఇది ఇల్లు కాదు. సామాను. నా గుండిగ ఎలాంటిదో ఇదీ అలాంటిదే. కాస్త పెద్దది.

నేను అలా అంటుంటే ఎవరూ నవ్వలేదు. ఒకరైనా నవ్వితే బాగుండేది.

బాలకిషన్ కిందికి చూసి, "మరి గడప? గది సిమెంటుల ఉన్నది గదా" అన్నాడు. గెలిచిన ఊపుమీదున్నాను కదా, "భూమిలో ఉన్నది భూమిది. ఉంచుకో" అనేశాను. అందరూ లేచి చేతులు కడుక్కుంటున్నప్పుడు గుర్తొచ్చింది ఆ గడప సంగతి. కంపెనీవాళ్ల ఇంటికి గడప లేదు. గడప లేనిది ఇల్లేమిటి, బోనులా ఉందని నేను సాధిస్తే మీ బావ ఆదివారాలు కూర్చుని టేకు చెక్కను స్వయంగా చిత్రిక పట్టారు. వంకరగా వచ్చింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఆ వంకర ఎత్తి చూపుతూనే ఉన్నాను. ఇప్పుడు దాన్ని ఊరికే ఇచ్చేశాను. నా నోటికి తీర్పు చెప్పేవాళ్లు ఎవరూ లేరు.

ఉగాదిలోపు కోయకుండా, పగలగొట్టకుండా విప్పి తీసుకుపోతే సామాను నాది. లేకపోతే అతనిది. విప్పే పని మల్లయ్య ఒప్పుకున్నాడు. ఆబిడ్సులో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో ప్రభావతమ్మగారని రిటైరైన టీచరమ్మ పెరట్లో చోటు ఇస్తానంది. కిరాయి ఎంతమ్మా అంటే, "కిరాయి సంగతి తర్వాత, ముందుగాల పప్పు ఎప్పుడు వండుతరు?" అంది. మంచిమనిషి.

చదివించుకుని విని వేసిన వేలిముద్ర.
సాక్షులు: ప్రహ్లాద్. మల్లయ్య.
వ్రాసినది: దుర్గయ్య. (బాలకిషన్ సేటు రెండోసారి పప్పు వడ్డించుకున్న సంగతి అమ్మ రాయమన్నది, మరిచితిని.)


రాజమండ్రి
6 మార్చి 1971

అక్కయ్యకు నమస్కారాలు. నదులు తీసేశాను.

పాక సంగతి నువ్వు తప్పుగా తీసుకున్నావు. పడుంటాయన్నది రేకులనే, నిన్ను కాదు. నీకు ముందుగది సున్నం వేయించి మంచం కూడా వేయించాను. నువ్వు రావని తెలిశాక మా ఆవిడ అందులో చింతపండు ఆరబోసింది.

నువ్వు గెలిచినందుకు సంతోషం. ఇక పని సంగతి. ఇది జాగ్రత్తగా చదివించుకో. ఆ పదహారు తొనలూ చూడడానికి ఒక్కలాగే ఉంటాయి, కానీ బోల్టు కన్నాలు ఒకదాన్లా ఒకటి ఉండవు. విప్పే ముందు ప్రతి రేకుమీదా సుద్దముక్కతో వరసగా అంకె వేయించు. ఆ అంకెలే నీ ఇల్లు. మల్లయ్య అనుభవం ఉన్న హమాలీ అయితే నువ్వు చెప్పకపోయినా వేస్తాడు. ఆబిడ్సు చేరి మళ్లీ బిగించేదాకా ఆ రేకులమీద ఎవరి చెయ్యీ పడనివ్వకు. వాన తగలనివ్వకు. చీర కొంగు కూడా తగలనివ్వకు.

నీ తమ్ముడు
రాధాకృష్ణమూర్తి


ఆబిడ్సు
9 మార్చి 1971

వేమూరి సుబ్బరత్నం అను నేను, వయసు అరవై ఆరు, కాపురం ఈ రాత్రికి ప్రభావతమ్మగారి వంటింట్లో, తమ్ముడు రాధాకృష్ణమూర్తికి తెలియజేయడమేమంటే:

నీ దగ్గరనుంచి జవాబు లేదు. పాక మాట పట్టుకుని అలిగావనుకుంటాను. అలగడానికి నేనుండగా నువ్వెందుకు?

ఇల్లు విప్పేశాం. మల్లయ్య, అతని మనుషులు ఒక్క రేకు వంగకుండా దించారు. బాలకిషన్ కుర్చీ వేసుకుని పొద్దుట్నుంచి చూస్తూ కూర్చున్నాడు, కోత పడుతుందేమోనని. పడలేదు. చివరికి ఖాళీ స్థలంలో నా పొయ్యి, ఆ గడప మిగిలాయి. గోడల్లేకుండా గడప ఒక్కటీ నిలబడి ఉంటే, దాని పక్కనుంచి వెళ్లొచ్చు కదా, ఒక్కరూ వెళ్లలేదు. హమాలీలు రేకులు మోస్తూ కూడా దాన్ని దాటే బయటికొచ్చారు. బాలకిషన్ అదంతా చూశాడు. సంతలో ఎద్దును చూసినట్టు చూడకయ్యా అని నేను ఒక మాట అన్నాను.

ఇక నేను చేసిన మంచి పని చెప్తాను. మనిషిని కొత్తచోటికి పంపేటప్పుడు తలంటు పోస్తాం కదా, మరి ఇంటిని మురికితో ఎలా పంపుతాను? పదేళ్ల పోపు మసి దాని ఒంటినిండా. పైగా ఆ హమాలీలు ప్రతి రేకుమీదా సుద్దతో పిచ్చిగీతలు గీసిపెట్టారు, గోడమీద పాలవాడి లెక్కల్లా. వాళ్లు టీ తాగడానికి వెళ్లినప్పుడు నేనూ, గిన్నెలు తోమే మనిషీ కుంకుడు రసం, చింతపండు, పసుపునీళ్లు పెట్టి పదహారు రేకులూ తోమేశాం. సుద్దగీత ఒక్కటి మిగిల్తే ఒట్టు. ఒకటి రెండు రేకుల వెనక మరకలు పోలేదు, చేతులు పడిపోయి వదిలేశాను.

తోముతుంటే ఒక వింత. ఒక రేకుమీద పైరంగు ఊడి, అడుగున ఎర్రటి కూడిక గుర్తు బయటపడింది, దవాఖానమీద ఉంటుందే అది. రేపటి ఇంటికి నిన్నటి దవాఖాన గుర్తు ఏమిటో నాకు తెలియలేదు. నువ్వు తిరిగినవాడివి, నీకేమైనా తెలుసా?

వేలిముద్ర. పసుపు చేతులతో వేశాను, ముద్ర పచ్చగా ఉంటే అదీ నాదే.
సాక్షి: ప్రభావతి, రిటైర్డు టీచరు. మల్లయ్య సాక్షి సంతకానికి రానన్నాడు. టీ తాగొచ్చినప్పట్నుంచి తలపట్టుకుని కూర్చున్నాడు. ఎండదెబ్బ అయ్యుంటుంది.
వ్రాసినది: దుర్గయ్య.


రాజమండ్రి
15 మార్చి 1971

అక్కయ్యా,

అవి అంకెలు.

ఈ ఒక్కమాట రాసి కవరు అంటించబోయాను. మా ఆవిడ, అక్కయ్య అసలే ఒంటరిగా ఉంది, నాలుగు మాటలు రాయండి అంది. రాస్తున్నాను. అవి అంకెలు, అక్కయ్యా. నా ఉత్తరం ఒక్కరోజు ముందు వేసి ఉంటే బాగుండేది. వేయలేదు. సోమయాజులుతో చదరంగం ఆడుతూ పెట్టెలోంచి పోస్టు తీసే వేళ దాటించేశాను. కాబట్టి నీ కుంకుడు రసంలో నా వాటా కూడా ఉంది.

ఇక ఆ ఎర్ర గుర్తు. అది చదివినప్పటినుంచీ నాకు నిద్ర లేదు. గూడ్సు ఆఫీసువాళ్లు నన్ను ఆనకట్ట పనుల క్యాంపులో సామాను దించుకునే చోటికి గుమాస్తాగా పంపినప్పుడు అక్కడ రేకుల దవాఖాన ఒకటి ఉండేది. గుండ్రంగా ఉండేది. ఒకసారి నాకు కూర్చోలేని చోట గడ్డ లేచి, అక్కడికి తీసుకెళ్లి కోయించారు. బోర్లా పడుకోబెట్టారు, అందుకే ఆ ఇంటి నేల తప్ప నేనేమీ చూడలేదు. తర్వాత క్యాంపు ఎత్తేశారు. ఆ కంపెనీవాళ్లు దానికి రంగేసి మీ నుమాయిష్‌లో రేపటి ఇల్లు అని పెట్టారన్నమాట. ఆ రోజు బండి పక్కన నడిచినా నేను దాన్ని పోల్చుకోలేదు. నన్ను బోర్లా పడేసి చూపిస్తే పోల్చుకునేవాణ్ణి.

మీ గృహప్రవేశానికి మూడేళ్లముందే, ఆ ఇంట్లో నేను క్యాంపంతా వినపడేలా అరిచాను. ఈ సంగతి సోమయాజులుకు తెలియకూడదు.

ఇల్లు నిలబడిందా? నిలబడకపోతే రా. చింతపండు తీయిస్తాను.

నీ తమ్ముడు
రాధాకృష్ణమూర్తి


ఆబిడ్సు, హైదరాబాదు
5 ఏప్రిల్ 1971

వేమూరి సుబ్బరత్నం అను నేను, కీర్తిశేషులు గోపాలరావుగారి భార్యను, వయసు అరవై ఆరు, కాపురం ఆబిడ్సులో పెద్ద పోస్టాఫీసు వెనక ప్రభావతమ్మగారి పెరట్లో, తమ్ముడు రాధాకృష్ణమూర్తికి తెలియజేయడమేమంటే:

నీ "అవి అంకెలు" వచ్చేసరికి నాకు ఆ సంగతి తెలిసి చాలా రోజులైంది. మల్లయ్య తలపట్టుకోవడం ఆపాక చెప్పాడు. నన్ను తిట్టలేదు. తిడితే నేనూ తిట్టేదాన్ని, సమానమయ్యేది. "ఏంజేస్తం అమ్మా, ఇల్లు మాత్రం తళతళ మెరుస్తున్నది" అన్నాడు.

పెరడునిండా పదహారు తొనలు. ఏది దేని పక్కనో దేవుడికే తెలియాలి. ఒకదానికొకటి ఆనించి చూస్తే కన్నాలు కలవవు, తిప్పి చూస్తే కలవవు. మా గుమాస్తాలు సాయంత్రాలు వచ్చి తలో సలహా ఇచ్చారు. ఒకడైతే అర్జీ పెట్టుకోమన్నాడు. ఇక రేకుల కొట్టుకు వేసేద్దాం, రాజమండ్రి పోయి చింతపండు పక్కన మంచం వేసుకుంటానని ప్రభావతమ్మతో అనేశాను కూడా.

ఆ రోజు ఒక రేకుకు ఆనుకుని కూర్చుని ఉంటే తలకు జిడ్డు తగిలింది. చూస్తే, నేను తోమలేక వదిలేసిన మరకల్లో ఒకటి. మీ బావ పేపరు చదువుతూ తల ఆనించిన చోటు, కొబ్బరినూనె మరక. ఆయన పోయి ఆరేళ్లయినా అది పోలేదు. ఆయన పేపరు చదివింది కిటికీ వెలుతురుకు ఎడమపక్క. కాబట్టి దానికి కుడిపక్క కిటికీ రేకు. దాన్ని ఆనించారు, కన్నాలు కలిశాయి. తర్వాత నేను వదిలేసిన పోపు మరకలు పొయ్యి వెనకవి, వాటి పక్కవి. కేలెండరు మేకు కన్నం తలుపు దగ్గరిది. అలా ఒక్కొక్కటే పట్టుకున్నాం. నేను అరిగేలా తోమినవి ఒక్కటీ పనికిరాలేదు, చేతకాక వదిలేసినవే దారి చూపాయి. నా కష్టానికి అంత విలువ. మిగిలిన నాలుగైదూ తిప్పి తిప్పి మల్లయ్యే సరిపెట్టాడు.

ఇల్లు నిలబడింది. నీ దవాఖాన గుర్తు తలుపు ఎదురుగా వచ్చింది. రంగు వేయించలేదు, ఉండనిచ్చాను. నువ్వు అరిచిన సంగతి ఇక్కడ ఎవరికీ చెప్పలేదు, దుర్గయ్యకు తప్ప, రాయాలి కదా. అతను బయట ఎవరికీ చెప్పడు. "కోర్టుల చెప్పమంటె చెప్త" అన్నాడు.

ఇల్లు నిలబడిందిగాని, నేను లోపలికి పోలేదు. సామాను లోపలికి ఎవరైనా పాలు పొంగించుకుని పోతారా? నలుగురిలో వేలిముద్ర వేసినట్టు చెప్పినదాన్ని, మళ్లీ ఏ మొహంతో గిన్నె పెట్టను? బయటే పొయ్యి వెలిగించి వడ్డించాను. తినేవాళ్లు లోపలికి పోయి కూర్చునేటప్పుడు, అక్కడ గడప లేదు కదా, అయినా ప్రతివాడూ అలవాటుగా కాలెత్తి గాల్లో వేసి తూలేవాడు. నేను చూసి నవ్వేదాన్ని. నిన్న నీళ్ల బిందెతో నేనూ అలాగే కాలెత్తి తూలి, బిందె ఒంపేసుకున్నాను. అప్పుడు ఎవరూ నవ్వలేదు. నాకు కోపమొచ్చింది.

ఇవాళ మధ్యాహ్నం సందులో రిక్షా ఆగింది. బాలకిషన్ దిగాడు. రిక్షాలో అడ్డంగా ఆ వంకర గడప, సిమెంటు ముక్కలు పట్టుకునే ఉన్నాయి.

"గీ కట్టె నాకేంటికి పెద్దమ్మా" అన్నాడు. "పునాదులు తవ్వుతుంటె కూలోళ్లు దీన్ని తొక్కరు, దాటి పోతరు. పని ఎట్ల అయితది? నీది నువ్వు పెట్టుకో."

"భూమిలోది నీదే కదయ్యా. నేను చెప్పానుగా."

"చెప్పినవ్. ఇల్లు గాదు సామాననిగూడ చెప్పినవ్. నాకు గది అవసరముండె, నీకు గిది అవసరముండె. ఇద్దరం అబద్ధాలే ఆడినం." గడప దించి, గోడకు ఆనించి, చెమట తుడుచుకున్నాడు. "ఇన్నేండ్లు డబ్బా డబ్బా అన్న. గని డబ్బాల ఎవ్వరన్న అన్నం పెడ్తరా? నేను తిన్నది ఇంట్లనే. జర పాలు పొంగియ్యి, ఆకలైతున్నది."

నేనేదో గట్టిగా అనాలనుకున్నాను. నోరు రాలేదు. ఈ సంగతి దుర్గయ్య రాయనంటున్నాడు, ఎవరూ నమ్మరట. రాయించాను.

మల్లయ్య గడప నిలబెట్టాడు. సిమెంటు వేయనా అన్నాడు. వద్దన్నాను, రెండువైపులా ఇటుక పెట్టించాను. మళ్లీ ఎప్పుడు సామాను అనాల్సి వస్తుందో. పసుపు రాశాను, పాలు పొంగించాను. పొంగి వంకర ఉన్న వైపే కారాయి. మీ బావ ఉంటే చూశావా, ఆ వంకర దారి చూపడానికే పెట్టానని అనేవారు. బాలకిషన్ అందరికంటే ముందు కూర్చున్నాడు. వాళ్ల అమ్మ కొడుకే.

కాబట్టి ఇందుమూలంగా తెలియజేయడమేమంటే, ఫిబ్రవరి నెలలో నలుగురిలో నేను ఇచ్చిన మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఇది ఇల్లు. ముందు దవాఖాన, తర్వాత తమాషా, మధ్యలో కొన్నాళ్లు సామాను, ఇప్పుడు ఇల్లు. మోకాలు నయమయ్యాక వచ్చి భోంచెయ్యి. ఈసారి కూర్చునే చూడొచ్చు.

నేను చెప్పగా రాయించి, చదివించుకుని విని, ఒప్పుకుని, నా గడప మీద కూర్చుని వేసిన ఎడమచేతి బొటనవేలి ముద్ర.

సాక్షులు:
ప్రభావతి, రిటైర్డు టీచరు, ఆబిడ్సు.
మల్లయ్య, హమాలీ, నాంపల్లి.
బాలకిషన్, వ్యాపారం, నాంపల్లి. భోజనం ఇక్కడ.
వ్రాసినది: దుర్గయ్య.